ఇంజిన్ అరుస్తోంది... బండి కదలదేం?

*ఘాట్ రోడ్లు, టోల్‌గేట్ల దగ్గర బారులు, పండగ ప్రయాణాలు... ఏటా ఈ సీజన్‌లో క్లచ్ జారిపోయిన కార్లు వర్క్‌షాపుల ముందు వరస కడతాయి. ప్లేటు మార్చి పంపేయడం ఒక పూట పని. అది ఎందుకు అరిగిందో తేల్చకపోతే మాత్రం కారు మళ్లీ అక్కడికే వస్తుంది.*

డిసెంబరు చివరి ఆదివారం. ఉదయం తొమ్మిదిన్నర దాటినా అనంతగిరి ఘాట్‌లో మంచు ఇంకా విడలేదు. ఎస్.కోట దాటి కొండెక్కుతున్న కార్లు, వ్యాన్లు, టూరిస్టు బస్సులు ఒకదాని వెనక ఒకటి నత్తనడకన సాగుతున్నాయి. ఒక పక్క కాఫీ తోటలు, మరో పక్క లోయ. సెల్ఫీల కోసం దిగినవాళ్లు రోడ్డు మీదే నిలబడ్డారు.

ఆ వరసలో ఓ తెల్ల హాచ్‌బ్యాక్. ఐదుగురు కూర్చోవాల్సిన కార్లో ఆరుగురున్నారు. డిక్కీ నిండా సామాను, పైన క్యారియర్ మీద ఇంకో రెండు సంచులు. ముందున్న బస్సు పది అడుగులు కదిలితే కారూ పది అడుగులు కదులుతోంది. బస్సు ఆగితే డ్రైవింగ్ సీట్లో ఉన్నాయన బ్రేకు తొక్కడు, హ్యాండ్‌బ్రేకు లాగడు. క్లచ్ సగం వదిలి, యాక్సిలరేటర్ కాస్త నొక్కి, బండిని ఎత్తు మీద అలాగే నిలబెడుతున్నాడు.

"ఏవండీ, ఏదో కాలుతున్న వాసన వస్తోంది."

"దారి పొడుగునా బొంగులో చికెన్ కాలుస్తున్నారు కదా. అదే అయ్యుంటుంది."

"చికెన్ వాసన నాకు తెలీదా? ఇది వేరే ఏదో."

"అయితే ముందున్న బస్సుదేలే."

తర్వాతి మలుపులో దారి కాస్త తెరిపిచ్చింది. బస్సు ఊపందుకుంది. ఈయనా రెండో గేరులో యాక్సిలరేటర్ తొక్కాడు. ఇంజిన్ ఒక్కసారిగా గోల పెట్టింది. ఆర్‌పీఎమ్ ముల్లు నాలుగు వేలు దాటింది. స్పీడు ముల్లు మాత్రం పదిహేను దగ్గరే ఉండిపోయింది. ఇంకాస్త తొక్కితే గోల పెరిగింది, వేగం పెరగలేదు. వెనక లారీవాడు హారన్ మీద చెయ్యి తీయడం లేదు. బానెట్ అంచుల నుంచి సన్నగా పొగ. పిల్లల్ని, పెద్దావిణ్ని దించి, నలుగురు పట్టి కారును కొండవారకు నెట్టారు. అరకు ప్రయాణం అక్కడితో ఆగింది.

మూడు దారులు, ఒకే శిక్ష

డిసెంబరు మూడో వారం నుంచి కనుమ వెళ్లేదాకా తెలుగు రాష్ట్రాల్లో కార్లకు గడ్డుకాలమే. చలికాలపు టూరిస్టులు అరకు, లంబసింగి, మారేడుమిల్లి దారి పడతారు. కొత్త సంవత్సరానికి, వైకుంఠ ఏకాదశికి తిరుమల ఘాట్ నిండిపోతుంది. భోగికి రెండు రోజుల ముందు హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు బయల్దేరిన కార్లు చౌటుప్పల్ దగ్గరి పంతంగి టోల్‌ప్లాజాలో బారులు తీరతాయి. ఫాస్టాగ్ 2021 ఫిబ్రవరి నుంచి తప్పనిసరి అయినా పండగ రద్దీకి ఆ బారులు తప్పడం లేదు.

ఘాట్ రోడ్డు, టోల్‌గేటు, నగరంలో ఫ్లైఓవర్ ఎక్కే ర్యాంపు. ఈ మూడు చోట్లా జరిగేది ఒకటే. బండి ఆగి ఆగి కదులుతుంది. ఎడమ కాలు గంటల తరబడి క్లచ్ మీదే ఉంటుంది. మెకానిక్కులు దీన్ని 'హాఫ్ క్లచ్' అంటారు. పండగ ముగిశాక 'బండి లాగడం లేదు', 'పికప్ పోయింది', 'మైలేజీ పడిపోయింది' అంటూ వచ్చే కార్లలో చాలావాటి రోగం అక్కడే మొదలవుతుంది.

అసలు క్లచ్ చేసే పనేంటి?

స్టార్టయిన ఇంజిన్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. చక్రాలు అలా కాదు. ఆగాలి, కదలాలి, గేరు మారేటప్పుడు ఇంజిన్‌తో ఓ క్షణం తెగతెంపులు చేసుకోవాలి. ఈ కలపడం, విడదీయడం క్లచ్ బాధ్యత. ఇంజిన్ చివర ఫ్లైవీల్ అనే బరువైన చక్రం ఉంటుంది. దానికి బోల్టులతో బిగించి ప్రెషర్ ప్లేటు. ఆ రెండింటి నడుమ, రెండు వైపులా లైనింగ్ ఉన్న క్లచ్ ప్లేటు. పెడల్ మీద కాలు లేనంతసేపూ ప్రెషర్ ప్లేటులోని డయాఫ్రమ్ స్ప్రింగ్ ఆ ప్లేటును ఫ్లైవీల్‌కేసి గట్టిగా అదిమి ఉంచుతుంది. పెడల్ తొక్కగానే రిలీజ్ బేరింగ్ వచ్చి ఆ స్ప్రింగ్ వేళ్లను నొక్కుతుంది. పట్టు వదులుతుంది.

రెండు అరచేతులు గట్టిగా అదిమి ఒకదాన్ని తిప్పితే రెండోదీ దాంతోపాటే తిరుగుతుంది. అదుము తగ్గినా, చేతికి నూనె అంటినా ఒకటి తిరుగుతుంది, రెండోది నిలబడిపోతుంది. క్లచ్ జారడమంటే ఇంతే.

నిజానికి క్లచ్ జారడమే తప్పు కాదు. బండి కదిలే ప్రతిసారీ అది ఒకటి రెండు సెకన్లు జారాలి. అలా జారబట్టే కుదుపు లేకుండా కదులుతుంది. కాలు పూర్తిగా తీశాక కూడా జారుతుంటేనే జబ్బు. ఇంజిన్ ఒక వేగంతో, గేర్‌బాక్స్ ఇంకో వేగంతో తిరుగుతుంటే ఆ తేడా అంతా వేడిగా మారుతుంది. వేడెక్కిన లైనింగ్ పట్టు కోల్పోతుంది. పట్టు తగ్గితే ఇంకా జారుతుంది, ఇంకా వేడెక్కుతుంది. అందుకే నెలల తరబడి మెల్లగా అరుగుతూ వచ్చిన ప్లేటు కూడా ఒక్క ఘాట్ రోడ్డులో, అరగంటలో పూర్తిగా చేతులెత్తేస్తుంది. ఆ కాలిన వాసన లైనింగ్‌లోని రెజిన్‌ది.

జారడానికి ఐదు కారణాలు

మొదటిది అలవాటు. పెడల్ మీద ఎడమ కాలు ఊరికే ఆనించి నడపడం, ఎత్తు మీద హాఫ్ క్లచ్‌తో బండిని నిలబెట్టడం, మూడో గేరు వేయాల్సిన చోట నాలుగులో ఉండి క్లచ్‌తో సర్దుకోవడం. కాలు ఊరికే ఆనించానని డ్రైవర్ అనుకుంటాడు. ఆ కాస్త బరువుకే రిలీజ్ బేరింగ్ స్ప్రింగ్‌ను తాకుతుంది, అదుము తగ్గుతుంది.

రెండోది కేబుల్. పాత చిన్న కార్లలో పెడల్‌ను క్లచ్‌కు కలిపేది ఇనప తీగే. ప్లేటు అరిగేకొద్దీ స్ప్రింగ్ వేళ్లు వెనక్కి, అంటే గేర్‌బాక్స్ వైపు జరుగుతాయి. పెడల్‌లో ఉండాల్సిన ఖాళీ ఆట, మెకానిక్కుల మాటలో 'ప్లే', క్రమంగా తగ్గిపోతుంది. ఆ ప్లే సున్నా అయ్యాక ఎవరూ తొక్కకపోయినా క్లచ్ కాస్త తొక్కి ఉంచినట్టే ఉంటుంది.

మూడోది ఆయిల్. ఇంజిన్ వెనకవైపు క్రాంక్ ఆయిల్ సీల్, గేర్‌బాక్స్ ముందువైపు ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్. ఈ రెండింట్లో ఏది కారినా ఆయిల్ నేరుగా ప్లేటు దగ్గరికే చేరుతుంది. లైనింగ్ ఆయిల్‌ను పీల్చుకుంటుంది. పెట్రోలుతో ఎంత కడిగినా పైపైనే శుభ్రమవుతుంది. వేడెక్కగానే లోపలి జిడ్డు మళ్లీ పైకి తేలుతుంది.

నాలుగోది స్ప్రింగ్. ఏళ్ల వాడకంతో, పదేపదే కాగి చల్లారడంతో డయాఫ్రమ్ స్ప్రింగ్ బలం తగ్గుతుంది. ప్లేటు మందంగానే ఉన్నా అదిమి పట్టే శక్తి ఉండదు.

ఐదోది హైడ్రాలిక్ లోపం. కేబుల్‌కు బదులు ద్రవంతో పనిచేసే క్లచ్‌లలో మాస్టర్ సిలిండర్‌లోని చిన్న రంధ్రం మూసుకుపోయినా, పాత రబ్బరు పైపు లోపల ఉబ్బినా, పెడల్ వదిలాక కూడా ఒత్తిడి పూర్తిగా తగ్గదు. క్లచ్ పూర్తిగా కలవదు.

ఈ ఐదింటిలో రెండో దానికి, ఐదో దానికి గేర్‌బాక్స్ దించక్కర్లేకపోవచ్చు. ఇది తెలియని యజమాని వేలు పోసి ప్లేటు మార్పించుకుంటాడు.

బాక్స్: ముల్తానీ మట్టి వైద్యం

• 1886లో పేటెంట్ పొందిన కార్ల్ బెంజ్ మోటారు బండిలో ఇప్పటిలాంటి క్లచ్ ప్లేటు లేదు. తోలు బెల్టును ఖాళీగా తిరిగే కప్పీ మీది నుంచి బిగించి ఉన్న కప్పీ మీదికి జరిపితే బండి కదిలేది.

• 1888 ఆగస్టులో బెంజ్ భార్య బెర్తా ఇద్దరు కొడుకులతో కలిసి అదే రకం బండిలో జర్మనీలోని మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు వెళ్లారు. దాదాపు నూరు కిలోమీటర్లు. ఎత్తులు వచ్చిన చోట దిగి నెట్టాల్సి వచ్చింది. బ్రేకు దిమ్మెలు అరిగిపోతే దారిలో ఓ చెప్పులు కుట్టే వ్యక్తితో వాటికి తోలు వేయించారు.

• 20వ శతాబ్దపు తొలి ఏళ్లలో చాలా కార్లకు తోలు తొడిగిన శంఖాకారపు క్లచ్‌లు ఉండేవి. అది జారితే డ్రైవర్లు తోలు మీద ముల్తానీ మట్టి చల్లేవారు. తోలు ఎండి మరీ గట్టిగా పట్టేస్తుంటే నూనె రాసి మెత్తబరిచేవారు.

• బ్రేకు దిమ్మెల తయారీతో 1897లో ఇంగ్లండ్‌లో పని మొదలుపెట్టిన హెర్బర్ట్ ఫ్రూడ్ స్థాపించిందే ఫెరోడో కంపెనీ. ఆస్బెస్టాస్ నారతో చేసిన లైనింగులు వచ్చాక తోలు కాలం ముగిసింది.

గాజువాకలో ఒక మధ్యాహ్నం

తెల్ల హాచ్‌బ్యాక్‌ను టోయింగ్ వాహనం మీద విశాఖ తీసుకొచ్చేసరికి మర్నాడైంది. గాజువాక ఆటోనగర్‌లో చిన్న షెడ్డు, రెండు బేలు. ఒక గోడకు వాడేసిన క్లచ్ ప్లేట్లు మేకులకు వేలాడుతున్నాయి. మెకానిక్‌కు యాభై దాటి ఉంటాయి. బండి దగ్గరికి రాగానే పానా పట్టలేదు. సీట్లో కూర్చుని పెడల్‌ను చేత్తో నొక్కి చూశాడు. కిందికి వంగి గేర్‌బాక్స్, ఇంజిన్ కలిసే చోట వేలు పెట్టి తుడిచాడు. వేలు పొడిగానే వచ్చింది.

"ఎప్పటినుంచి ఇలా ఉందండీ?"

"నిన్నే. ఘాట్‌లో."

"నిన్న ఆగిపోయిందండీ. అంతకుముందు?"

యజమాని కాసేపు ఆలోచించాడు. రెండు నెలల నుంచి పెడల్ బాగా పైకొచ్చాకే బండి కదులుతోందన్నాడు. ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఇంజిన్ అరుపు పెరుగుతోందని భార్య గుర్తుచేసింది. టాప్ గేరులో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంకా స్పష్టంగా తెలిసేదట.

"అదేనండీ మొదలు. అప్పుడొచ్చుంటే ఘాట్‌లో దిగాల్సిన పనుండేది కాదు."

జారే క్లచ్ మొదట బయటపడేది పెద్ద గేరులోనే. మొదటి గేరులో క్లచ్ మీద పడే భారం తక్కువ. నాలుగు, ఐదు గేర్లలో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు ఆ భారం పెరుగుతుంది. అందుకే ఊళ్లో బాగానే ఉన్నట్టు కనిపించిన కారు హైవే మీద లారీని దాటబోతే లొంగిపోతుంది. ఇక్కడ ఇంకో తేడా పట్టుకోవాలి. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా, టర్బో పైపు చిరిగినా, బ్రేకులు పట్టేసినా బండి లాగదు. కానీ అప్పుడు ఆర్‌పీఎమ్ కూడా పెరగదు. ఆర్‌పీఎమ్ ఎగబాకి, వేగం ఎక్కడిదక్కడే ఉంటే వేలు క్లచ్ వైపే చూపించాలి.

అదే షెడ్డుకు ఆ మధ్యాహ్నం ఓ క్యాబ్ డ్రైవర్ వచ్చాడు. కేబుల్ క్లచ్ ఉన్న పాత కారు. వేరే చోట చూపిస్తే క్లచ్ సెట్ మొత్తం మార్చాలన్నారట. వాయిదాలు కట్టే బండి, రెండు రోజులు షెడ్డులో పెడితే ఆ వారం కిరాయి లెక్క తప్పుతుంది.

"ఈమధ్య కేబుల్ గానీ మార్చారేటి?"

"వారమైందన్నా. తెగిపోతే రోడ్డు పక్కన వేయించాను."

మెకానిక్ బానెట్ ఎత్తి, గేర్‌బాక్స్ మీది క్లచ్ లివర్‌ను చేత్తో కదిలించాడు. అది కదలలేదు. ప్లే ఏమాత్రం లేదు. కొత్త కేబుల్ వేసినవారు నట్టు బాగా బిగించేశారు. పానాతో నట్టును కొన్ని చుట్లు వెనక్కి తిప్పి, పెడల్‌కు రెండు వేళ్ల వెడల్పు ఆట వచ్చేదాకా సరిచేశాడు. తర్వాత కారెక్కి హైవే దాకా వెళ్లొచ్చారు. జారడం లేదు. వారం రోజులు జారడంతో ప్లేటు కొంత అరిగే ఉంటుందని, మళ్లీ మొదలైతే రమ్మని చెప్పి పంపాడు. ఆ పూట కిరాయి పోలేదు.

బాక్స్: పది నిమిషాల పరీక్ష

• రోడ్డు మీద: ఖాళీ రోడ్డు చూసుకుని, నాలుగో గేరులో గంటకు 40–50 కి.మీ. వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ ఒక్కసారిగా పూర్తిగా తొక్కాలి. ఆర్‌పీఎమ్, వేగం కలిసి పెరిగితే క్లచ్ బాగున్నట్టు. ఆర్‌పీఎమ్ ముందుకు దూకి వేగం వెనకబడితే జారుతున్నట్టు.

• నిలబెట్టి: చదునైన చోట, ముందూ వెనకా మనుషులు, గోడలు లేకుండా చూసుకోవాలి. హ్యాండ్‌బ్రేకు పూర్తిగా లాగి, కుడికాలితో బ్రేకు తొక్కి ఉంచి, నాలుగో గేరు వేసి క్లచ్ మెల్లగా వదలాలి. ఇంజిన్ వెంటనే ఆగిపోతే పట్టు ఉన్నట్టు. కొట్టుకుంటూ తిరుగుతూనే ఉంటే జారుతున్నట్టు. ఈ పరీక్ష ఒక్కసారి చాలు. పదేపదే చేస్తే ఉన్న లైనింగూ కాలిపోతుంది.

• పెడల్ దగ్గర: చేత్తో నొక్కితే మొదట కొంత దూరం తేలిగ్గా వెళ్లి, తర్వాత బరువు తగలాలి. ఎంత దూరమన్నది కారు మాన్యువల్‌లో ఉంటుంది.

• కింద: గేర్‌బాక్స్, ఇంజిన్ కలిసే చోట ఆయిల్ చుక్కలున్నాయేమో చూడాలి. నల్లగా ఉంటే ఇంజిన్ ఆయిల్, ఘాటైన గంధకం వాసన వస్తే గేర్ ఆయిల్ అయ్యే అవకాశం ఎక్కువ.

• ఇది జారడం కాదు: గేరు పడేటప్పుడు గరగరమంటే క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదని. పెడల్ తొక్కినప్పుడు మాత్రమే కూత వస్తే రిలీజ్ బేరింగ్ అరిగిందని.

గేర్‌బాక్స్ దించాక కనిపించేవి

తెల్ల కారుకు మాత్రం గేర్‌బాక్స్ దించక తప్పలేదు. బ్యాటరీ తీగ విప్పారు. ముందు చక్రాలు తీసి, డ్రైవ్ షాఫ్టులు లాగి, ఇంజిన్‌కు కింద దన్ను పెట్టి, గేర్‌బాక్స్‌ను జాకీ మీద మెల్లగా వెనక్కి జరిపారు. చేయి తిరిగిన ఇద్దరు పట్టినా చిన్న కారుకు ఇది ఒక పూట పని.

ప్రెషర్ ప్లేటు బోల్టులు విప్పగానే మధ్యలోంచి క్లచ్ ప్లేటు జారి చేతిలో పడింది. మెకానిక్ దాన్ని వెలుతురుకు పట్టి తిప్పి చూపించాడు. లైనింగ్ పొడిగా, అద్దంలా మెరుస్తోంది. రివెట్ తలలు దాదాపు పైకి తేలాయి. రివెట్ తల లైనింగ్ ఉపరితలానికి ఎంత లోతున ఉందో కొలిచి ప్లేటు ఆయుష్షు చెబుతారు. చాలా కంపెనీల సర్వీసు పుస్తకాల్లో ఆ హద్దు 0.3 నుంచి 0.5 మి.మీ. మధ్య ఉంటుంది. ఇక్కడ గోరు పెడితే లోతే తగల్లేదు. ఫ్లైవీల్ ముఖం మీద నీలిరంగు మచ్చలు. ఇనుము విపరీతంగా కాగిందనడానికి అవే గుర్తు. ఆయిల్ జాడ ఎక్కడా లేదు. ఇది హాఫ్ క్లచ్ పనే.

పక్క బేలో ఉన్న ఎస్‌యూవీ కథ వేరు. దానికి ఏడాది తిరక్కుండానే ఇది రెండో క్లచ్. మొదటిసారి వేరే చోట ప్లేటు, ప్రెషర్ ప్లేటు మార్చి ఇచ్చేశారు. ఈసారి విప్పి చూస్తే కొత్త ప్లేటు నడిమి నుంచి అంచుల దాకా తడి చారలు. వెనక క్రాంక్ సీల్ కారుతోంది. అప్పుడే ఆ సీల్ కూడా మార్చి ఉంటే అయ్యే ఖర్చు మొత్తం బిల్లులో లెక్కలోకి రానంత. మళ్లీ గేర్‌బాక్స్ దించాల్సి రావడమే అసలు ఖర్చు. ప్లేటు అరగడాన్ని చూశారు గానీ, అరిగించిన దాన్ని ఎవరూ చూడలేదు.

బిగింపులోనూ పట్టింపులున్నాయి. మచ్చలు, గీతలు పడ్డ ఫ్లైవీల్‌ను లేత్ మీద ముఖం సరిచేయించాలి. పనికిరాకపోతే మార్చాలి. కొత్త ప్రెషర్ ప్లేటుకు తుప్పు పట్టకుండా కంపెనీ రాసిన నూనె పొరను బ్రేక్ క్లీనర్‌తో తుడిచేయాలి. ప్లేటు మీద 'ఫ్లైవీల్ వైపు' అని ఉన్న ముఖం అటే ఉండాలి. తిరగేసి బిగించిన ప్లేట్లు వర్క్‌షాపుల్లో కొత్తేం కాదు. ప్లేటును సరిగ్గా నడిమధ్యన నిలబెట్టే సెంటరింగ్ పిన్ను పెట్టి, బోల్టులను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. షాఫ్ట్ పళ్లకు రాసే గ్రీజు పలచటి పూతే. ఎక్కువైతే తిరిగే వేగానికి ఎగిరి లైనింగ్ మీదే పడుతుంది. గ్రీజు చేతులతో ప్లేటును పట్టుకున్న కుర్రాణ్ని మెకానిక్ గద్దించి చేతులు కడుక్కోమని పంపాడు.

బాక్స్: బిల్లు కట్టేముందు

• ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ కలిపి 'సెట్'గా మార్చుకోవడం మేలు. బేరింగ్ ఒక్కటి తర్వాత పోయినా గేర్‌బాక్స్ మళ్లీ దించాల్సిందే.

• చిన్న పెట్రోలు కారుకు సెట్టు, కూలీ కలిపి పది వేల అటూఇటూ అవుతుంది. డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ ఉన్న డీజిల్ కారుకు ఆ ఫ్లైవీల్ కూడా మార్చాల్సి వస్తే ఖర్చు దానికి ఎన్నో రెట్లు.

• క్లచ్ ప్లేటును కంపెనీలు అరిగే భాగంగా లెక్కిస్తాయి. మామూలు అరుగుదలకు సాధారణంగా వారంటీ వర్తించదు.

• పాత ప్లేటు అడిగి తీసుకోవాలి. మెరుపుందా, తడి ఉందా, రివెట్లు తేలాయా అన్నది కళ్లతో చూడాలి. బిల్లులో సీళ్లు చూశారా లేదా అన్నది రాయించుకోవాలి.

దుమ్ము ఎవరి ఊపిరితిత్తుల్లోకి?

గేర్‌బాక్స్ విడదీయగానే, క్లచ్‌ను కప్పి ఉండే బెల్ హౌసింగ్ లోపల పేరుకున్న నల్లటి పొడి కనిపిస్తుంది. అది అరిగిన లైనింగే. చాలా షెడ్లలో దాన్ని ఎయిర్ పైపుతో ఊదేస్తారు. మొహానికి గుడ్డ కట్టుకునేవారూ తక్కువే.

దశాబ్దాల పాటు క్లచ్, బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ వాడారు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. మన సుప్రీంకోర్టు 1995లో ఆస్బెస్టాస్ పరిశ్రమల గురించి ఇచ్చిన తీర్పులో, ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును ఉద్యోగంలో చేరినప్పటి నుంచి కనీసం 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఏది తర్వాతైతే అప్పటిదాకా భద్రపరచాలని ఆదేశించింది. ఈ జబ్బులు బయటపడటానికి అంత కాలం పడుతుంది మరి. షెడ్డులో పన్నెండు గంటలు పనిచేసే కుర్రాడికి ఏ రికార్డూ ఉండదు. ఇప్పుడు పేరున్న కంపెనీల ప్లేట్లు చాలావరకు ఆస్బెస్టాస్ లేకుండానే వస్తున్నాయి. పాత బండి లోపల ఏముందో, పేరూ ఊరూ లేని చౌక ప్లేటులో ఏం కలిపారో చూపుతో తేల్చలేం. పొడిని ఊదకుండా తడిగుడ్డతో తుడవడం, మాస్కు పెట్టుకోవడం పెద్ద ఖర్చు కాదు. చూస్తూ నిలబడ్డ కారు యజమాని ఊపిరికీ అదే రక్ష.

ఘాట్ మధ్యలో మొదలైతే

కాలిన వాసన తగలగానే చేయాల్సింది వెడల్పైన చోటు చూసి ఆగడం. ఇంజిన్ ఆపి, గేరులో ఉంచి, హ్యాండ్‌బ్రేకు లాగి, చక్రాలకు రాళ్లు పెట్టాలి. అరగంట చల్లారితే లైనింగ్ కొంత పట్టు తిరిగి తెచ్చుకోవచ్చు. తర్వాత మనుషుల్ని, సామాన్ను తగ్గించి, చిన్న గేరులో, యాక్సిలరేటర్ మెత్తగా వాడుతూ సమీపంలోని ఊరిదాకా వెళ్లొచ్చు. ఇంజిన్ ఎంత గట్టిగా లాగితే క్లచ్ అంత జారుతుంది. అప్పటికీ జారుతుంటే లాగించుకెళ్లడం ఒక్కటే దారి. కొండ దిగేటప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. ఘాట్‌లో బండి వేగాన్ని సగం అదుపు చేసేది గేరులో ఉన్న ఇంజినే. క్లచ్ పూర్తిగా అరిగిపోతే ఆ పట్టూ సడలుతుంది. భారమంతా బ్రేకుల మీద పడి అవీ వేడెక్కుతాయి.

ఎత్తు మీద ఆగాల్సి వస్తే హ్యాండ్‌బ్రేకు లాగి, న్యూట్రల్ చేసి, రెండు కాళ్లూ ఖాళీ చేసుకోవాలి. కదిలేటప్పుడు మొదటి గేరు వేసి, క్లచ్ అందుకున్నట్టు అనిపించగానే హ్యాండ్‌బ్రేకు వదలాలి. డ్రైవింగ్ స్కూళ్లలో ఇది నేర్పాలి. చదునైన మైదానంలో నాలుగు చక్కర్లు కొట్టించి పంపే చోట ఎత్తు మీద బండి కదిలించడం ఎవరూ నేర్పరు. ఆ పాఠం చాలామందికి మొదటిసారి ఘాట్ రోడ్డులోనే మొదలవుతుంది.

నీటి దెబ్బ ఈ వేడి దెబ్బకు భిన్నం. లోతైన వాన నీళ్లలోంచి వచ్చిన కారు క్లచ్ కాసేపు జారి, ఆరాక సర్దుకోవచ్చు. కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోతే మాత్రం ప్లేటు తుప్పుతో ఫ్లైవీల్‌కు అతుక్కుపోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచినప్పుడు చాలా కార్లు అలా రోజుల తరబడి నీళ్లలోనే నానాయి. అలాంటి బండిని ఇంజిన్ తిప్పి చూడకుండా ముందు వర్క్‌షాపుకు చేర్చాలి.

పెడల్ పోయింది, ప్లేటు ఉంది

క్లచ్ తొక్కే బాధ భరించలేక నగరాల్లో ఆటోమేటిక్ కార్లవైపు మళ్లినవాళ్లు తక్కువేం కాదు. 2014లో మారుతీ సెలేరియోతో చవకైన ఏఎమ్‌టీ (ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్) మన మార్కెట్‌కు వచ్చాక మధ్యతరగతికీ అది అందింది. అయితే ఏఎమ్‌టీలో పోయింది పెడల్ మాత్రమే. లోపల అదే ఫ్లైవీల్, అదే ప్లేటు, అదే లైనింగ్. కాలికి బదులు మోటారో, హైడ్రాలిక్ పరికరమో క్లచ్‌ను నొక్కుతుంది. ఎత్తు మీద బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టే డ్రైవర్ చేతిలో ఆ ప్లేటూ అలాగే కాలుతుంది. డ్రై క్లచ్‌లున్న డ్యూయల్ క్లచ్ కార్లకూ ట్రాఫిక్‌లో వేడే శత్రువు. మన రోడ్ల మీద తిరిగే బ్యాటరీ కార్లలో మాత్రం ఈ క్లచ్ ఉండదు. మోటారు సున్నా వేగం నుంచే లాగగలదు.

గాజువాకలో తెల్ల కారు మర్నాడు సాయంత్రానికి సిద్ధమైంది. కొత్త సెట్టు, ముఖం సరిచేసిన ఫ్లైవీల్. సీళ్లు కారకపోయినా గేర్‌బాక్స్ దించారు కాబట్టి అవీ కొత్తవి వేశారు. పెడల్ ఇప్పుడు అలవాటైన చోటు కంటే కిందే అందుకుంటుందని, మొదటి కొన్ని వందల కిలోమీటర్లు గట్టి పికప్‌లు, బరువులు వద్దని మెకానిక్ చెప్పాడు. కొత్త లైనింగ్ ఫ్లైవీల్ మీద పూర్తిగా కుదురుకోవడానికి ఆమాత్రం సమయం కావాలి.

"మరి అరకు ఎప్పుడు ఎళ్లమంటారు?" అన్నాడు యజమాని.

"సంక్రాంతి రద్దీ అయ్యాక ఎళ్లండి. ఐదుగురే ఎక్కండి. బస్సు ఎనకాల ఆగినప్పుడు హ్యాండ్‌బ్రేకు ఏసుకోండి."